బ్రాకెట్లో నవ్వులు

కోర్టులో ఎవరు నవ్వినా రికార్డులోకి ఎక్కదు. సాక్షి ఏడ్చినా ఎక్కదు, జడ్జిగారు తుమ్మినా ఎక్కదు. నోటితో అన్న మాట ఒక్కటే ఎక్కుతుంది. ఇరవై రెండేళ్లపాటు అలా అన్న మాటలే టైపు చేసి, చివరికి నడుంనొప్పి పేరు చెప్పి ముందుగానే ఉద్యోగ విరమణ తీసుకున్న టైపక్కకి, యాభై దాటాక చెల్లెలి కూతురు ఒక కొత్త కొలువు చూపించింది.

ఆ పిల్ల సాఫ్ట్‌వేర్ రాస్తుంది. అది చాలదన్నట్టు, రాసేవాళ్లందరినీ ఏడాదికోసారి ఒకచోట పోగేసి రెండు రోజుల సదస్సు కూడా పెడుతుంది. జీతం లేదు, బత్తెం లేదు. ముందు ఇంట గెలిచి తర్వాత రచ్చ గెలవవే అని వాళ్లమ్మ మొత్తుకుంటూనే ఉంటుంది. ఆ సదస్సులో వేదిక మీద చెప్పింది చెప్పినట్టు, అప్పటికప్పుడు టైపు చేసి తెరమీద చూపించే మనిషి కావాలని ఆ పిల్ల ఒకరోజు పెద్దమ్మ ఇంటికి వచ్చింది.

"వాళ్లు చెప్పేది తెలుగులోనే కదే, వచ్చినవాళ్లకి చెవులు లేవా?" అంది టైపక్క.

"ఒకాయనకి లేవు పెద్దమ్మా."

ఆ ఒకాయన్ని అందరూ సెమీకోలన్ అంటారు. ఆ గుంపులో అసలు పేర్లతో ఎవరికీ పనిలేదు. ఎప్పుడో ఒక ప్రసంగంలో తెరమీద చూపించిన ప్రోగ్రాంలో ఒక వాక్యం చివర సెమీకోలన్ గుర్తు పెట్టడం మరిచిపోతే, ముందువరుసలోంచి ఇతను హాలు అదిరేలా "సెమీకోలన్" అని అరిచాడట. పందొమ్మిదో ఏట జ్వరం వచ్చి వినికిడి పోయింది, మాట పోలేదు. తన గొంతు తనకి వినపడదు కాబట్టి రహస్యం చెప్పినా పక్కవీధికి తెలుస్తుంది. ప్రోగ్రాములు రాయడంలో మాత్రం చెయ్యి తిరిగినవాడు.

మొదటి ఏడు ముందువరుస ఎదురుగా ఒక స్టూలు వేసి, దానిమీద పుస్తకమంత తెర పెట్టారు. హాలు పక్కన చిన్న బల్ల దగ్గర టైపక్క. ఆవిడ కొట్టింది కొట్టినట్టు ఆ తెరమీద పడుతుంది, సెమీకోలన్ చదువుకుంటాడు. మిగతా హాలుకి ఆ తెరతో సంబంధం లేదు. పెద్దమ్మ వేళ్లకి శ్రమ తగ్గాలని చెల్లెలి కూతురు ఒక ఏర్పాటు చేసిచ్చింది: కీబోర్డు పైవరుసలో నాలుగో మీట నొక్కితే (నవ్వులు) అని, అయిదోది నొక్కితే (చప్పట్లు) అని దానంతటదే పడుతుంది. కోర్టులో ఇరవై రెండేళ్లు ఒక్క నవ్వూ రాయని మనిషికి అది భలే ముచ్చటగా తోచింది.

ఆ ముచ్చటే కొంప ముంచింది. మొదటి రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి మాట్లాడటానికి వేదిక ఎక్కింది. జీవితంలో అదే మొదటిసారని మైకు పట్టుకున్న తీరులోనే తెలిసిపోతోంది. "మా ఆఫీసులో ప్రింటర్ మా అందరికంటే సీనియరండీ, అందుకే పని చెప్తే వినదు" అని ఓ జోకు వేసి ఆగింది. హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ఎవరూ నవ్వలేదు. ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏం చేస్తున్నానని ఆలోచించే లోపే టైపక్క వేలు నాలుగో మీట మీద పడింది.

చిన్న తెరమీద (నవ్వులు) అని వచ్చింది. సెమీకోలన్ చదివాడు. రెండు క్షణాలు ఆలస్యంగా, ఒంటరిగా, తల వెనక్కి వేసి పెద్దగా నవ్వాడు. హాలంతా నవ్వుతోంది, తనూ వాళ్లలో ఉన్నాను అనుకునే మనిషి నవ్వు అది. ఆ నవ్వు చూడటం టైపక్కకి ఎంత బాగుందంటే, అబద్ధం రాశానన్న సంగతే ఆ పూట తోచలేదు.

ఇక చెయ్యి ఆగలేదు. జోకు తేలిపోయిన ప్రతిసారీ వేలు నాలుగో మీట మీదకి దానంతటదే వెళ్లేది, అది చదివి ప్రతిసారీ అతనొక్కడూ నవ్వేవాడు. ఈ సాఫ్ట్‌వేర్ వాళ్లు గొప్ప గొప్ప పనులు చేస్తారు, కాదనను, కానీ జోకులు మాత్రం చద్దివి. ఒకడు వేసిన జోకు మరుసటేడు ఇంకొకడు వేస్తాడు. ఆరేళ్లలో ఆ హాలు కడుపుబ్బ నవ్వింది రెండేసార్లు: కరెంటు పోయినప్పుడొకసారి, ప్రసంగం మధ్యలో ఒకాయనకి వాళ్లావిడ ఫోను చేసి పాలు తెమ్మన్నది మైకులో వినపడినప్పుడొకసారి. అరాకొరా నవ్వులు కొన్ని తీసేస్తే మిగతాదంతా టైపక్క చేతి చలవే. సదస్సు అయ్యాక ఆ టైపు ఫైళ్లన్నీ సెమీకోలన్‌కి పంపేది కూడా.

ఏడో ఏడు సెమీకోలన్ తనే మాట్లాడతానన్నాడు. అన్నేళ్లూ ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు. ప్రసంగం చెప్పడానికి కాదు, తర్వాత హాల్లోంచి వచ్చే ప్రశ్నలకి భయం. ఏ మూలనుంచి ఎవరు ఏమడిగారో తెలియక వెర్రిమొహం వేసుకుని నిలబడాలి కదా అనేవాడు. దానికి చెల్లెలి కూతురు ఉపాయం చేసింది. హాలు వెనక గోడకి ఒక పెద్ద తెర, వేదిక మీంచి అతను చూసుకోవడానికి. వేదిక పక్కన ఇంకొకటి, జనానికి. రెండింటిలోనూ పెద్దమ్మ కొట్టేదే పడుతుంది. అక్క కూర్చుంటానంటే నేను నిలబడతాను అన్నాడతను.

సదస్సు వారం ఉందనగా అతని ప్రసంగం మొత్తం రాతలో వచ్చింది. పేరు, 'ప్రోగ్రాం నిజం చెప్పాలి'. మొదటి పేజీలోనే ఒక వాక్యం కింద గీత గీసి ఉంది: పని జరక్కపోయినా జరిగిందని చెప్పే ప్రోగ్రాం కంటే, అక్కడే చచ్చి ఊరుకునే ప్రోగ్రాం నయం. టైపక్కకి ఎక్కడో చురుక్కుమంది. ఆ పక్కనే ప్రింటర్ జోకు, దాని పక్కన బ్రాకెట్లో 'ఇక్కడ నవ్వుతారు, పది సెకన్లు ఆగాలి'. అలాంటి బ్రాకెట్లు మొత్తం ఎనిమిది. చివర ఒక ఉత్తరం.

'అక్కా, ఆరేళ్ల మీ ఫైళ్లన్నీ ఒక ప్రోగ్రాంకి ఇచ్చి లెక్క తీయించాను. మొత్తం నాలుగు వందల పన్నెండు నవ్వులు. ఏ జోకుకి ఎన్నిసార్లు నవ్వారో చూశాను. ప్రింటర్ జోకు అయిదుసార్లు వేస్తే అయిదుసార్లూ నవ్వారు, దానికి తిరుగు లేదు. ఆ ఎనిమిదీ అలా ఏరినవే. సొంతంగా జోకు వేస్తే పేలిందో లేదో నాకు తెలియదు కదా. అందుకని మీరు రాసినదాన్ని నమ్ముకున్నాను.'

ఏ మనిషైనా మామూలుగా ఒక జోకు చెప్పాలంటే పక్కవాడికి చెప్పి చూసుకుంటాడు. లెక్క తీసి, పట్టిక వేసి, తేలిపోయిన జోకులన్నిటినీ ఏరికోరి ఒకచోట పేర్చుకోవడం ఈ జాతి ఒక్కదానికే చేతనవును. ఆ పట్టికలో ప్రతి అంకె వెనకా ఉన్నది టైపక్క వేలు.

భర్తకి చెప్పుకుంది. ఆయన పేపరు దించకుండానే విన్నాడు.

"నవ్వు నాలుగు విధాల చేటన్నారు. నువ్వు నవ్వకుండానే తెచ్చుకున్నావు."

"నాకు ఏడుపొస్తుంటే మీకు సామెతలా?"

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నవ్వని హాలు బాగానే ఉంది, నవ్వించలేనివాళ్లూ బాగానే ఉన్నారు. మధ్యలో నువ్వెందుకు దూరావు?" అని, ఆవిడ మొహం చూసి పేపరు మడిచాడు. "చెప్పేసెయ్. ముందే తెలిస్తే ఆ జోకులు తీసేసుకుంటాడు. అక్కడికెళ్లాక తెలిస్తే పరువు పోతుంది."

చెప్పడం అంత తేలికా? అతనికి చెప్పాలంటే నోటితో నసిగితే కుదరదు, స్పష్టంగా టైపు చేసి చూపించాలి. ఆ వారంలో టైపక్క పాత ఫైళ్లు తిరగేసి నిజమైన నవ్వులెన్నో లెక్కపెట్టుకుంది, నాలుగు ఉత్తరాలు మొదలుపెట్టి నాలుగూ చెరిపేసింది. నిమిషానికి నూట ఇరవై మాటలు కొట్టే చేతులు 'నేను అబద్ధం రాశాను' అనే మూడు మాటల దగ్గర మొరాయించాయి.

సదస్సు రోజు పొద్దున్నే చెల్లెలి కూతుర్ని మెట్లకింద పట్టుకుని అంతా చెప్పింది. ఆ పిల్ల మెళ్లో నాలుగు కార్డులు, చేతిలో ఊడిపోయిన వైరు.

"డేటా అంతా పాడు చేశావు కదా పెద్దమ్మా," అంది నెత్తిమీద చెయ్యి పెట్టుకుని. ఒక్క నిమిషం ఆలోచించింది. "సరేలే, నలభైమంది వాలంటీర్లున్నారు. అతను ఆగినప్పుడల్లా నవ్వమని చెప్తాను. నలుగురు మొదలెడితే మిగతావాళ్లూ నవ్వుతారు. ఎవరికీ తెలియదు."

టైపక్క మనసు ఒక్క క్షణం అటు వాలింది. వాలలేదని చెప్తే ఆవిడ తరఫున నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. కానీ ఆ గీత గీసిన వాక్యం కళ్లముందు ఆడింది.

"వద్దే. నేనొక్కదాన్ని చేసింది చాలు. దానికి నలభైమందిని తోడు పెట్టొద్దు," అంది. "నేనే చెప్తాను."

వేదిక వెనక సెమీకోలన్ కొత్త చొక్కాలో నిలబడి ఉన్నాడు. కాలర్ దగ్గర కొట్టు చీటీ ఇంకా వేలాడుతోంది. టైపక్క అది తెంపింది. ఫోను తీసి 'తమ్ముడూ, నీకొకటి చెప్పాలి' అని కొట్టి చూపించింది.

"నాకు తెలుసక్కా మీరేం చెప్తారో," అన్నాడు హాలుకంతా వినపడేలా. "భయపడొద్దు అంటారు. మీరున్నారుగా, నాకేం భయం?"

టైపక్క కొట్టబోయిన వాక్యం చెరిపేసి, 'మంచినీళ్లు తాగావా' అని కొట్టింది. తాగాను అన్నాడు. ఈలోపు మైకు తగిలించేవాళ్లు వచ్చి అతన్ని తీసుకుపోయారు. ఆవిడ వెళ్లి బల్ల దగ్గర కూర్చుని, కీబోర్డు కొంగుతో రెండుసార్లు తుడిచింది. కోర్టులో హత్యకేసులు టైపు చేసినప్పుడు కూడా ఇలా తుడవలేదు.

హాలు నిండా జనం. గోడల వెంబడి కూడా నిలబడ్డారు. సెమీకోలన్ మొదలుపెట్టాడు. మొదటి రెండు నిమిషాలూ బ్రహ్మాండంగా సాగింది. డబ్బాలో మందు అయిపోయినా మందు వేశానని చెప్పే యంత్రం గురించి చెప్పాడు, అందరూ ముందుకి వంగి విన్నారు. తర్వాత ప్రింటర్ వచ్చింది. పని చెప్తే వినదు అని ముగించి, రాసుకున్నట్టే ఆగాడు.

ఒకటి, రెండు, మూడు. ఆ జోకు ఆ హాలు అప్పటికి అయిదుసార్లు వింది. వెనకవరుసలో ఎవరో దగ్గారు. సెమీకోలన్ మొహం మీద నవ్వు సిద్ధంగా ఉంది. జనం మొహాలు చూశాడు. ఇన్నేళ్లూ హాలుకి వీపు పెట్టి కూర్చున్న మనిషి, మొదటిసారి ఎదురుగా చూస్తున్నాడు. ఒక్క పెదవీ కదలడం లేదు. అతని చూపు మెల్లగా వెనక గోడమీద తెరకి వెళ్లింది. అది ఏం చెప్తే అది నమ్మడానికి సిద్ధంగా ఉన్నాడని అతని కళ్లలో కనిపిస్తూనే ఉంది.

టైపక్క వేలు నాలుగో మీట మీద ఉంది. ఒక్కసారి నొక్కితే చాలు. తన కళ్లని కాదని తెరనే నమ్ముతాడు, అంత నమ్మకం ఉంది ఆవిడమీద. అది గ్రహించాకే వేలు వెనక్కి వచ్చింది. నవ్వనిదానికి ప్రత్యేకంగా మీట లేదు. ఒక్కో అక్షరమే కొట్టింది.

(ఎవరూ నవ్వలేదు)

రెండు తెరలమీదా అంతంత అక్షరాలు. హాలు చదివింది. ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత మొత్తం హాలు గొల్లుమంది. సెమీకోలన్ తెల్లబోయి ఆ తెరిచిన నోళ్లకేసీ, తెరకేసీ మార్చి మార్చి చూశాడు.

(ఇప్పుడు నవ్వుతున్నారు. నీ జోకుకి కాదు, నేను రాసినదానికి)

అతను చురుకైనవాడు. చేతిలో కాగితాలు బల్లమీద పెట్టేశాడు. నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి, తిన్నగా టైపక్కవైపు తిరిగాడు.

"అక్కా, మరి ఆ నాలుగు వందల పన్నెండు?"

టైపక్క జన్మలో ఎప్పుడూ తన మాట తను టైపు చేయలేదు. ఎప్పుడూ ఎవరో అన్నది కొట్టడమే. ఇప్పుడు నాలుగు వందలమంది చూస్తుండగా కొట్టింది.

నలభై నిజం. మిగతావి నేను వేసినవి. పాపం అనిపించి వేశాను. నువ్వు నవ్వుతుంటే బాగుండి వేశాను. తప్పు నాది. క్షమించు తమ్ముడూ.

అతను చదివాడు. మళ్లీ చదివాడు. హాలు ఊపిరి బిగబట్టింది. ఏం చేయాలో తోచక టైపక్క (నిశ్శబ్దం) అని కొట్టింది. అది ఆవిడ ఆ హాల్లో మొదటిసారి రాసిన నిశ్శబ్దం.

"అయితే మీరందరూ ఇన్నేళ్లూ విన్నది ఇదన్నమాట," అన్నాడు సెమీకోలన్ జనంతో. గొంతు మామూలుకంటే తగ్గింది. "నాకొక్కడికే హాలు నవ్వింది." టైపక్కవైపు తిరిగాడు. "నాకు కోపమొచ్చిందక్కా. దాచను. నిశ్శబ్దం కూడా నాదే, అదీ నాకు ఇవ్వాలి మీరు."

టైపక్క ఆ మాటలు కూడా పొల్లుపోకుండా కొట్టింది. కళ్లు మసకబారినా వేళ్లు తప్పలేదు.

తర్వాత అతను మిగిలిన ఏడు జోకులూ కాగితంలోనే వదిలేసి, విషయం మాత్రం చెప్పాడు. ఎంత బాగా చెప్పాడంటే చివర్లో చప్పట్లకి అయిదో మీట నొక్కి, నొక్కింది చాలదనిపించి (చాలాసేపు) అని చేర్చింది. అది నిజం. ఆ తర్వాత అతను అన్నేళ్లూ భయపడ్డ ఘట్టం వచ్చింది. ప్రశ్నలు.

మధ్యవరుసలో ఒకావిడ లేచింది. ఇప్పుడొక కంపెనీలో పదిమందికి పెద్దగా పనిచేస్తోంది, మాట దిటవుగా ఉంది.

"నాది ప్రశ్న కాదండీ," అంది. టైపక్క కొడుతోంది, వెనక గోడమీద సెమీకోలన్ చదువుతున్నాడు. "ఆరేళ్ల కింద ఇక్కడే ఆ ప్రింటర్ జోకు మొదట వేసింది నేనే. ఎవరూ నవ్వలేదు. మైకు పెట్టేసి దిగిపోదామనుకున్నాను. కాళ్లు అప్పటికే మెట్లవైపు తిరిగాయి. అంతలో ముందువరుసలో ఒక్కరు నవ్వారు. మీరే. ఆ ఒక్క నవ్వు పట్టుకుని మిగతా ఇరవై నిమిషాలూ మీకే చెప్పాను. ఆ రోజు దిగిపోయి ఉంటే మళ్లీ ఎక్కేదాన్ని కాదు."

ఆవిడ కూర్చోకముందే గోడవారగా నిలబడ్డ ఒకతను చెయ్యెత్తాడు. "నేనూ అంతేనండీ," అన్నాడు. "నేను మూడేళ్ల కింద." ఇంకెవరో నేనూ అన్నారు. టైపక్క 'నేనూ', 'నేనూ' అని కొడుతూ పోయింది. సెమీకోలన్ కొత్త చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

సదస్సు ముగిశాక బల్ల దగ్గరకొచ్చి, వైర్లు చుడుతున్న టైపక్కకి సాయం పట్టాడు.

"ఆ ఫైళ్లన్నీ సరిచేసి పంపండక్కా. తప్పు లెక్క నా దగ్గర ఉండకూడదు. ఏది జరిగిందో అదే రాయండి," అన్నాడు. టైపక్క తలూపింది. "వచ్చే ఏడు కూడా మీరే కూర్చోవాలి," అని చేర్చి, వైరు తప్పుగా చుట్టాడు. ఆవిడ విప్పి మళ్లీ చుట్టింది.

మర్నాడు పొద్దున్నే, భర్త పేపరు పక్కన జాగా చేసుకుని, మొదటి ఏడాది మొదటి రోజు ఫైలు తెరిచింది. ప్రింటర్ దగ్గరికొచ్చి (నవ్వులు) చెరిపేసింది. అక్కడ (ఎవరూ నవ్వలేదు) అని కొట్టబోయి ఆగింది. కోర్టులో అయినా, ఇక్కడైనా, జరిగింది రాయాలి. ఆ రోజు ఆ హాల్లో ఏం జరిగిందో ఆవిడ కళ్లారా చూసింది.

(ఒకరు నవ్వారు) అని కొట్టింది.

తర్వాతిది వెతికింది. అక్కడా అదే కొట్టింది. మూడొందల డెబ్భై రెండుచోట్లా, ఒక్కటీ అబద్ధం కాకుండా, అదే కొట్టింది.